ఎనభై నుంచి నూట ఇరవై

సైకిల్ షాపు మీది గది,
ఆదివారం

అక్కా,

ఫోన్లో అయితే నేను నీతో కూడా బేరాలాడతాననీ, కాగితం మీదైతే కాస్త నిజం చెప్తాననీ నువ్వే కదా అన్నావు. అందుకని రాస్తున్నాను. కింద షాపులో పొద్దున్నుంచీ పంపుతో చక్రాలకి గాలి కొడుతూనే ఉన్నారు. ఇక్కడ టేబుల్ లేదు. మంచమ్మీద బోర్లా పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

నేనూ మీ మరదలూ విడిపోయి నాలుగు నెలలైంది. ఇల్లు ఆవిడకి, స్కూటరు నాకు, బీరువా ఆవిడకి, రేడియో నాకు. ఇవన్నీ పేచీ లేకుండానే తేలిపోయాయి. ఇంత మర్యాదగా విడిపోయేవాళ్ళు ఇంకాస్త మర్యాదగా కలిసి ఉండలేకపోయారా అని పక్కింటివాళ్ళు అడిగారట. మిగిలింది ఒక్కటే. మిరియం. ఏడాదిలో ఎన్ని రోజులు నా కూతురు నా దగ్గర ఉంటుందన్నది.

వచ్చే శనివారం మధ్యవర్తి దగ్గర కూర్చోవాలి. ఆవిడ ఒకప్పుడు స్కూలు హెడ్ మిస్ట్రెస్. కోర్టు గుమ్మం ఎక్కకుండా ఇలాంటివి తేల్చిపెడుతుందని పేరు. ఆవిడ దగ్గర కేకలుండవు, వాదనలుండవు. తల్లి ఒక కాగితం మీద, తండ్రి ఒక కాగితం మీద ఎన్ని రోజులో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆవిడ రెండూ ఒకేసారి విప్పుతుంది. నియమాల కాగితం కూడా ఇచ్చారు, రెండు పేజీలు. చదివి కొత్తగా నేర్చుకునేదేముంది? పదహారేళ్ళుగా డిపో యూనియన్ తరఫున యాజమాన్యంతో కూర్చుని డ్రైవర్ల జీతాలూ సెలవులూ మాట్లాడే మనిషిని నేను. మడిచి జేబులో పెట్టుకున్నాను.

నా పద్ధతి నీకు తెలుసు. ఎప్పుడూ ఒక్క అంకె చెప్పకూడదు. ఒక్క అంకె చెప్పామా, అవతలివాడు దాని కాలు పట్టుకుని కిందికి లాగడమే పనిగా పెట్టుకుంటాడు. అదే ఇంత నుంచి ఇంత అన్నామనుకో, మనం సర్దుకుపోయే మనుషుల్లా కనిపిస్తాం. అవతలివాడికి మొహమాటం వచ్చి తనూ ఇంత నుంచి ఇంత అంటాడు. రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. పోయినేడు సెలవులు అలాగే సాధించాను, దండేశారు కూడా.

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. నా మనసులో సగం ఉంది. ఏడాదిలో సరిగ్గా సగం. కానీ సగం అడిగే మొహమేనా నాది? చర్చలున్న రోజు ఏ వేళకి ఇంటికొస్తానో నాకే తెలీదు. పేరెంట్స్ మీటింగులకి వెళ్ళినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. సగమంటే మీ మరదలు గయ్యిమంటుంది, లేదంటే నవ్వుతుంది. అరిస్తే పడతాను గానీ నవ్వితే తట్టుకోలేను అక్కా. వారాంతాలు లెక్కేసి ఆవిడ యాభై అంటుందని నా అంచనా. అందుకని ఎనభై నుంచి నూట ఇరవై అని రాస్తాను. అటూ ఇటూ అయి వందకి తేలుతుంది. వంద వచ్చిందంటే నేను గెలిచినట్టే.

ఎలా ఉంది? నీ అభిప్రాయం రాయి. తిట్లు తగ్గించి రాయి.

తమ్ముడు


కుట్టు షాపు,
మంగళవారం మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

తిట్లు తగ్గించమన్నావు కాబట్టి రాసిన మొదటి పేజీ చింపేసి ఇది రెండోది మొదలుపెట్టాను.

నా దగ్గరికొచ్చి ఎవరైనా "నడుము ముప్పై నుంచి ముప్పై నాలుగు" అంటే ఏం చేస్తానో తెలుసా? మాట్లాడకుండా టేపు తీసి కొలుస్తాను. గుడ్డ మీద కత్తెర పడేది ఒక్కచోటే. మీ డిపో సంగతులు నాకు తెలియవు, అక్కడ నీ పద్ధతి పనికొస్తుందేమో. దండలు కూడా వేస్తున్నారంటున్నావు. కానీ పిల్ల విషయంలో ఎనభై అన్న మాట ఎందుకురా రాయడం? నీకు ఎనభై కావాలా? అక్కర్లేదు. సగం కావాలని నువ్వే రాశావు. మరి నాకు రాసిన మాట ఆవిడకెందుకు రాయవు? నవ్వితే నవ్వుతుంది. నీ ఒంట్లోంచి ముక్కేమీ ఊడి పడదు.

మరదలు మొన్న షాపుకొచ్చింది. మిరియం యూనిఫాం పొట్టిదైపోయిందట, అంచు విప్పి కిందికి దించమంది. ఆ పిల్ల అలా ఎదుగుతోందేమిట్రా, పోయినసారి నేనే దించాను, ఇంక దించడానికి గుడ్డ మిగల్లేదు. మీ ఆవిడ, అదే, ఒకప్పటి మీ ఆవిడ, స్టూలు లాక్కుని గంటసేపు కూర్చుంది. గుండీల డబ్బాలో నల్లవీ తెల్లవీ వేరు చేస్తూ ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. అంతకంటే రాయను.

నేను చెప్పేది ఒక్కటే. నీ మనసులో ఉన్న పెద్ద అంకె రాయి. ఒక్కటే రాయి. పక్కన ఇంకో అంకె పెట్టకు. చిన్నప్పటినుంచీ అక్క మాట ఒక్కటీ వినలేదు, ఈ ఒక్కసారి విను. ఎందుకని మాత్రం అడగకు.

అక్క


డిపో విశ్రాంతి గది,
శనివారం సాయంత్రం

అక్కా,

ఏం జరిగిందో నాకే ఇంకా పూర్తిగా ఎక్కలేదు. వరసగా రాసేస్తాను, రాస్తే అయినా అర్థమవుతుందేమో.

మధ్యవర్తి ఆఫీసు చెప్పుల షాపు పైన, మొదటి అంతస్తు. అద్దం పరిచిన టేబులు, రెండు వైపులా రెండు కుర్చీలు, పెన్నులకి దారాలు కట్టి టేబుల్ కాలికి ముడేసి ఉన్నాయి. నీ మాట గుర్తుంది. రాసేముందు ఒక్క నిమిషం పెన్ను ఆపాను కూడా. కానీ అక్కకేం తెలుసు చర్చల సంగతి అనుకున్నాను. ఎనభై నుంచి నూట ఇరవై అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. మీ మరదలు నాకంటే ముందే రాసేసింది. మడిచి చేతికింద పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఒక్క అంకె రాయడానికి ఎంతసేపులే అనుకున్నాను. నవ్వొచ్చింది కూడా.

మధ్యవర్తి రెండూ విప్పి, ముందు నాది చదివింది. "తండ్రి. ఎనభై నుంచి నూట ఇరవై." మీ మరదలు చటుక్కున తలెత్తింది. కోపమనుకున్నాను, ఎక్కువ అడిగాననుకుందేమో అనుకున్నాను. తర్వాత మధ్యవర్తి ఆవిడది చదివింది. "తల్లి. నూట ఎనభై మూడు. సగం సగం. బేసి రోజు తండ్రికే."

నాకు అర్థం కాలేదు. నూట ఎనభై మూడు తన దగ్గర ఉంచుకుని మిగతాదాంట్లో నాకేదో ఇస్తానంటోందేమో అనుకున్నాను. ఇంకోసారి చదవమన్నాను. మధ్యవర్తి కాగితం నావైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. ఆవిడ రాతే. బేసి రోజు తండ్రికే అన్నచోట ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాసింది.

కొయ్యబారిపోయాను అక్కా.

"మీకు ఎనభై చాలా?" అంది మీ మరదలు.

"చాలదు. అది, చర్చల్లో అలా రాస్తారు. కింద ఒకటి, పైన ఒకటి."

"మిరియం గురించి రాయమంటే కూడానా?"

నేను పదహారేళ్ళుగా మాటలు అమ్ముకుని బతుకుతున్నాను. అప్పుడు దొరికిన మాట ఒక్కటే. మధ్యవర్తి వైపు తిరిగి, చింపేసి మళ్ళీ రాస్తానన్నాను. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "అవతలివాళ్ళ కాగితం చూశాక అందరూ మళ్ళీ రాస్తామంటారు. అందుకే సంతకం పెట్టించుకుంటాను. మీరు అడిగిన పై అంకె నూట ఇరవై. అడగని రోజులు ఇప్పించడం నా చేతిలో లేదు. రెండేళ్ళదాకా ఇదే కాగితం." నియమాల్లో ఉందట అది. మొదటి పేజీలోనే ఉందట.

అప్పుడు మీ మరదలు, "ఎనభై చాలనుకున్న మనిషికి నూట ఇరవై ఎందుకండీ, ఎనభై చేసెయ్యండి" అంది. కోపంగా అన్నా బాగుండేది. కందిపోయిన మొహంతో, తనలో తాను అనుకున్నట్టు అంది. మధ్యవర్తి, రెండు కాగితాలూ కలవలేదు కాబట్టి ఇవాళ ఏమీ తేలదు, మూడు వారాల తర్వాత రమ్మంది.

బయటికొచ్చి బస్సెక్కాను. ఐదు స్టాపులు పోయాక చూసుకుంటే అది ఊరికి అటువైపు వెళ్ళే బస్సు. కండక్టరు మనవాడే. "ఏంటి సార్, మీరు కూడా తప్పు బస్సెక్కారా" అన్నాడు.

అక్కా, ఎందుకని అడగొద్దన్నావు. ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ముందే తెలుసా?


కుట్టు షాపు,
సోమవారం

తమ్ముడూ,

తెలుసు.

నీ ఉత్తరం మిషన్ మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. పొద్దున్నుంచీ ఒక్క కుట్టు వెయ్యలేదు. ఒకావిడ జాకెట్టు కోసం వస్తే రేపు రమ్మని పంపేశాను.

ఆవేళ గుండీలు వేరు చేస్తూ మరదలు చెప్పింది. "వదినా, ఆయన నాకు మొగుడుగా కుదరలేదు గానీ దానికి తండ్రిగా కుదిరాడు. సగం ఇస్తాను" అంది. ల్యాబులో తనకి మారే షిఫ్టులు, ఒక్కత్తీ మొత్తం మోయలేనని కూడా అంది. అదొక్కటే కాదనీ, ఆ పిల్ల నువ్వుంటే నవ్వే నవ్వు వేరనీ అంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "చెప్పకు వదినా, ఒట్టు. సగం ఇస్తానని తెలిస్తే ముప్పాతిక అడుగుతాడు. ఆయన పనే అది. నేనిచ్చేది తెలీకుండా తనంతట తను ఎంత అడుగుతాడో ఒక్కసారి చూడాలని ఉంది." సరేనన్నాను. మాటిచ్చాను కదా అని నోరు కట్టుకుని కూర్చున్నాను. ఒట్టు నిలబెట్టుకున్నాను, తమ్ముణ్ణి ముంచాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచడం ఇక నావల్ల కాదు. మరదలు పొద్దున ఫోన్ చేసింది. మీరు కూర్చున్న వారానికి మధ్యవర్తి ఆఫీసు నుంచి పోస్టులో కవరొచ్చిందట. మిరియం పేర. అందులో నీ కాగితం నకలు, ఆవిడ కాగితం నకలు ఉన్నాయట. మరదలు ల్యాబు నుంచి వచ్చేసరికి పిల్ల కవరు విప్పి చదివేసింది. ఇలా పంపుతారని నీకు తెలుసా?

అక్క


సైకిల్ షాపు మీది గది,
గురువారం

అక్కా,

నీ మీద కోపం వచ్చింది, దాచను. మూడు రోజులు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. ఒక్క ముక్క, ఒక్క సైగ చేసుంటే ఏం పోయేది అని. తర్వాత నీ పాత ఉత్తరం తీసి చూశాను. పెద్ద అంకె రాయి, ఒక్కటే రాయి అని రాశావు, ఎందుకని అడగకన్నావు. అంతకంటే సైగ ఏముంటుంది? నా చెవులకే తాళం పడింది.

కవరు సంగతి చదివి మంచమ్మీద నుంచి లేచి చొక్కాల్నీ ప్యాంటుల్నీ గదంతా విసిరేసి వెతికాను. నియమాల కాగితం ఉతికిన చొక్కా జేబులో ముద్దలా దొరికింది. విప్పి కిటికీ అద్దానికి అంటించి, ఆరాక చదివాను. రెండో పేజీ, చివర్నించి రెండోది. పదేళ్ళు దాటిన బిడ్డకి రెండు కాగితాల నకళ్ళూ పంపుతారు. బిడ్డ తన కాగితం తను విడిగా రాస్తుంది. తల్లిదండ్రులవి కలవనప్పుడు బిడ్డ కాగితాన్ని బట్టి తేలుస్తారు. దానికి పన్నెండేళ్ళు అక్కా. తన పేరుమీద మొదటిసారి పోస్టులో వచ్చిన కవరు అది. అందులో నేను ఎనభై అని రాసి సంతకం పెట్టి పంపాను.

డ్రైవర్ల ఒప్పందమైతే కామాలు కూడా లెక్కపెడతాను. నా కూతురి ఒప్పందం చదవకుండా చాకిరేవుకి పంపాను.

డిపోలో పెద్దాయనకి చెప్పాను. మా యూనియన్ పాత సెక్రటరీ, నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. ఓదారుస్తాడనుకున్నాను. విన్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నువ్వు డిపోలో అంకెలు ఎలా పెడతావు?" అన్నాడు. "పది సెలవులు కావాలంటే పది నుంచి పద్నాలుగు అంటాను" అన్నాను. "అంటే కావలసింది కింద పెడతావు. వాళ్ళు కిందికే లాగుతారు కాబట్టి, లాగినా నీకు కావలసిందే వస్తుంది. మరి ఇంట్లో కావలసింది పైన కూడా పెట్టలేదేం? నీ పై అంకె కూడా సగం దాకా రాలేదు." నాకు తల కొట్టేసినట్టయింది. పద్ధతి తప్పు కాదు అక్కా. నేను దాన్ని తలకిందులుగా వాడాను. డిపోలో నావెనక నాలుగొందల మంది ఉంటారు, భయముండదు. ఇక్కడ ఒక్కణ్ణే. ఆవిడ నవ్వుతుందేమోనని భయపడి, నా ఆశకి నేనే ముందుగా కోత వేసుకుని, ఆ మిగిలినదాన్ని మళ్ళీ బేరానికి పెట్టాను.

ఇప్పుడు ఆవిడ ఎనభై అంటోంది. వంద నాకు మొన్నటిదాకా గెలుపు. ఇవాళ అదైనా దక్కుతుందా అని వణుకుతున్నాను.

మిరియం నా ఫోన్ ఎత్తడం లేదు. నిన్న ఎత్తి, "హోంవర్కుంది నాన్నా" అని పెట్టేసింది. నీ దగ్గరికి శనివారాలు వస్తుంది కదా. నువ్వు చెప్పు దానికి. ఎనభై అంటే ఎనభై కాదని చెప్పు. ఎలా చెప్తావో నాకు తెలీదు, నాకే చేతకావడం లేదు. కానీ చెప్పు.

తమ్ముడు


కుట్టు షాపు,
శనివారం సాయంత్రం

తమ్ముడూ,

వచ్చింది. ఇప్పుడే వెళ్ళింది. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

ఎప్పట్లా కత్తిరించే బల్ల ఎక్కి కాళ్ళాడిస్తూ కూర్చుంది. సుద్దముక్కతో బల్లమీద గీతలు గీస్తోంది. నేనే కదిపాను, నాన్న కాగితం చదివావటగా అని. ఊఁ అంది. సుద్ద పక్కన పెట్టి అడిగింది.

"అత్తా, ఎనభైకీ నూట ఇరవైకీ మధ్య నలభై రోజులున్నాయి కదా. ఆ నలభై రోజులూ నేనెక్కడుండాలి?"

ఆ నలభై రోజులూ పొద్దున్నే లేచి నాన్నకి కావాలో వద్దో కనుక్కోవాలనుకుందిరా అది. కావాలంటే నీ గదికి, వద్దంటే వాళ్ళమ్మ ఇంటికి. బ్యాగు సర్దుకుని ఉంచుకోవాలా అని అడిగింది. ఏడుస్తూ అడగలేదు. స్కూలు బస్సు టైము అడిగినట్టు అడిగింది.

నేను చెప్పగలిగినట్టు చెప్పాను. అది అలా కాదమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు రెండు అంకెలు చెప్తారు, కిందిది అంటే అంతకంటే తగ్గితే ఒప్పుకోనని, పైది అంటే అంతకుమించి అడగనని. మీ నాన్న పనిలో అలవాటు కొద్దీ రాశాడు గానీ ఎనభై చాలని కాదు అన్నాను.

"ఎనభై ఇస్తే నాన్న ఒప్పుకుంటాడు కదా మరి? ఒప్పుకోకపోతే రాయడు కదా" అంది.

నేను ముప్పై ఏళ్ళుగా ఈ బల్లమీద ఎంతమందికో సమాధానాలు చెప్పాను. దర్జీని ఎవరూ మాటల్లో గెలవలేరు. ఆ పిల్ల గెలిచింది. నీ తరఫున సిగ్గుపడాలో, నా తరఫున సిగ్గుపడాలో తెలీక దాని జడ విప్పి మళ్ళీ అల్లాను.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రెండు అంకెలు నేను కూడా రాయొచ్చా" అని అడిగింది. రాయొచ్చు, నీ ఇష్టం అన్నాను. ఏం రాస్తావని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఒరేయ్, వచ్చే శనివారం వెళ్ళినప్పుడు దానికి పద్ధతులు వివరించకు. నోరు మూసుకుని వెళ్ళు. ఏం వచ్చినా తీసుకో.

అక్క


డిపో విశ్రాంతి గది,
శనివారం

అక్కా,

నీకు ఫోన్ చేద్దామని మూడుసార్లు తీసి పెట్టేశాను. రాస్తేనే చెప్పగలను.

పదింటికి చేరాను. మీ మరదలు, మిరియం అప్పటికే వచ్చి ఉన్నారు. మిరియం నావైపు చూసి తల ఊపింది, అంతే. యూనిఫాంలో వచ్చింది, శనివారమైనా. మధ్యవర్తి దాన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది. గోడ గడియారం కింద మేమిద్దరం ఎదురెదురుగా. మీ మరదలు చేతిసంచీ పట్టీ మెలితిప్పుతోంది. నేను దారం కట్టిన పెన్ను పట్టుకుని కూర్చున్నాను, రాయడానికేమీ లేకపోయినా. అది ఎనభై అని రాస్తే నాకు ఎనభై. అది సున్నా రాసినా అడిగే హక్కు నాకు లేదు. సున్నా రాస్తుందనే అనుకున్నాను. అలా అనుకుని రాత్రంతా నన్ను నేను సిద్ధం చేసుకున్నాను కూడా.

పావుగంటకి తలుపు తీసుకుని వచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి మధ్యవర్తి చేతికిచ్చి, మా ఇద్దరివైపూ చూడకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

మధ్యవర్తి విప్పింది.

"నూట ఇరవై నుంచి నూట ఎనభై మూడు."

మీ మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఏ మొహం పెట్టానో నాకు తెలీదు. మధ్యవర్తి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. నాది నూట ఇరవై దగ్గర ఆగిపోతోంది. దానిది నూట ఇరవై దగ్గర మొదలవుతోంది. రెండూ కలిసేది ఆ ఒక్క అంకె దగ్గరే. "ఎక్కువ ఇప్పించలేను, ఆయన అడగలేదు. తక్కువ చెయ్యలేను, పాప ఒప్పుకోవడం లేదు. నూట ఇరవై" అంది. మీ మరదలు అభ్యంతరం చెప్పలేదు. ముగ్గురం సంతకాలు పెట్టాం. మిరియం కూడా. స్కూల్లో కొత్తగా నేర్చుకున్న ఇంగ్లీషు కలిపిరాతలో పెట్టింది.

అలా నాకు నూట ఇరవై వచ్చింది అక్కా. మూడు వారాల కిందట నేను రాసుకున్న పెద్ద అంకె, ఒక్కటి కూడా తగ్గకుండా. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే, పోన్లే, పైది సాధించావు అన్నాడు.

మెట్లు దిగుతుంటే మీ మరదలు కావాలనే వెనకబడింది, మమ్మల్ని ఇద్దర్నీ ముందు వెళ్ళనిచ్చింది. నువ్వు నోరు మూసుకోమన్నావు. మూసుకోలేకపోయాను. అది నాకోసం పోట్లాడిందని గుండె ఉప్పొంగిపోతోంది, అడగకుండా ఉండలేకపోయాను.

"నూట ఇరవై కంటే తగ్గితే ఒప్పుకోనని రాశావా తల్లీ?"

"ఊఁ."

"ఎందుకే అక్కణ్ణుంచి?"

అది నా మొహంలోకి చూడటం ఇవాళ అదే మొదటిసారి. "నాకు నూట ఎనభై మూడే కావాలి నాన్నా. అదొక్కటే రాద్దామనుకున్నాను. కానీ పైది అంటే అంతకుమించి వద్దని అర్థమని అత్త చెప్పింది. నువ్వు నూట ఇరవై దాటితే వద్దని రాశావు కదా. నీకు ఇబ్బంది అవుతుందేమోనని అక్కణ్ణుంచి మొదలుపెట్టాను" అంది.

మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. చెప్పుల షాపులోకి వెళ్ళేవాళ్ళు తప్పుకుని వెళ్తున్నారు. "నాకూ సగమే కావాలమ్మా. మొదటినుంచీ సగమే అనుకున్నాను" అన్నాను. పైమెట్టు మీద వాళ్ళమ్మ విన్నది. ఆవిడ అడుగు ఆగిపోవడం వినిపించింది నాకు.

మిరియం చాలాసేపు ఆలోచించింది. నమ్మనట్టు కాదు, లెక్క కుదరక.

"మరి రాయలేదేం నాన్నా?" అంది.

తమ్ముడు